బయ్యన్న కోసం బిగించిన లైట్లు

ఆ రోజు గొర్రెల గంగప్ప వచ్చి చెప్పకపోతే చంద్రమోహన్‌కు తన తండ్రి దొరికేవాడు కాదు. తెల్లవారి మంద తోలుకుపోతూ ఊరవతల నీళ్ళు లేని వంకలో చూశాడట. ఇద్దరూ పరుగెత్తారు. తుమ్మకంప అడ్డం పడిన చోట, ఇసుకలో ఒరిగి పడుకొని ఉన్నాడు బయ్యన్న. పంచె నిండా పల్లేరుకాయలు. మోచేతులు గీరుకుపోయి నెత్తురు ఎండిపోయింది. ఒక కాలికే చెప్పు ఉంది. కొడుకును చూసి, దారిన పోయే పెద్దమనిషికి పెట్టినట్టు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆ దండానికి చంద్రమోహన్ ఎప్పుడో అలవాటు పడ్డాడు. అతన్ని కుంగదీసింది వేరొకటి. వంక గట్టు మీద తన జీపు టైర్ల అచ్చులు ఉన్నాయి. పోయిన అచ్చులు, వచ్చిన అచ్చులు. ముందు రోజు పొద్దుగూకినాక "నాయనా, నాయనా" అని గొంతు పోయేట్టు అరుచుకుంటూ అతను ఈ దారినే పోయి ఈ దారినే తిరిగొచ్చాడు. అప్పుడు తండ్రి గట్టు కిందనే, చేయి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాడు. జీపు హెడ్‌లైట్లు ముందున్న దారిని చూపించాయి గాని పక్కనున్న మనిషిని చూపించలేదు.

"కేకేస్తే పలికేటట్టయితే ఇంగ బాధేముండాది అన్నా," అన్నాడు గంగప్ప, ముసలాయన చంకల కింద చేతులు వేసి లేపుతూ. "ఆయప్పకి ఆయప్ప పేరే తెల్దు. నీ కేక యాడ తెలుస్తాది?"

ఇంటికి తీసుకొచ్చాక చంద్రమోహన్ భార్య లక్ష్మీదేవి వేడినీళ్ళు కాచి మామకు స్నానం చేయించింది. పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీకింది. చంద్రమోహన్ మాత్రం వాకిట్లో నిలబడి జీపు వంక చాలాసేపు చూశాడు. మరునాడే అనంతపురం బస్సెక్కాడు.

గార్లదిన్నె మండలంలో, హైవే దిగి మట్టిదారి పట్టి వస్తే తగిలే చిన్న ఊరు వాళ్ళది. ఎర్రనేల, ఎక్కడ తవ్వినా గుండ్రాళ్ళు. వాన పడితే శనక్కాయ, పడకపోతే బీడు. చంద్రమోహన్‌కు యాభై దగ్గర పడుతున్నాయి. ఒకప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతుండగా తండ్రి పిలిపించాడు. చీనీ చెట్లు పెడుతున్నా, తోటకు మనిషి కావాలి అన్నాడు. చంద్రమోహన్ పుస్తకాలు స్నేహితుడికి ఇచ్చేసి వచ్చాడు. అప్పట్లో అది పెద్ద త్యాగంగా కూడా అనిపించలేదు. తోట పచ్చగా ఉండేది. అనంతపురం మార్కెట్‌లో వాళ్ళ బత్తాయి కాయలకు పేరుండేది. పెళ్ళయింది, కూతురు హేమ పుట్టింది. ఆ పిల్ల ఇప్పుడు చిలమత్తూరులో కాపురం చేసుకుంటోంది.

తర్వాత నీళ్ళు దిగిపోయాయి. ఊళ్ళో అందరి బోర్లూ ఎండుతున్నా బయ్యన్న ఒప్పుకోలేదు. తన నేలలో నీళ్ళు ఉన్నాయనే అనేవాడు. ఒకచోట పడకపోతే ఇంకోచోట బోరు వేయించాడు. బోరు బండి వచ్చిందంటే పగలూ రాత్రీ ఆడేది. బండి మీద ఎత్తుగా కట్టిన లైట్లు చేనంతా పరుచుకునేవి. బయ్యన్న ఆ వెలుతురులో గుడ్డ తలకు చుట్టుకొని, పైకి ఎగిరే రాతి దుమ్ములో చేయి పెట్టి, అది తడిగా ఉందా పొడిగా ఉందా అని వేళ్ళతో నలిపి చూసేవాడు. ఆఖరి బోరుకు తెల్లవారే దాకా దుమ్మే వచ్చింది. డ్రైవరు బండి ఆపి, పైపులు ఎత్తుకొని, ముఖం చూపించలేక వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే చీనీ చెట్లు కొట్టి కట్టెలకు వేశారు. బయ్యన్న గొడ్డలి పట్టలేదు గాని, కూలీలు కొడుతున్నంతసేపూ గట్టు మీద నుంచి కదల్లేదు.

ఆయన మాట తగ్గిపోయింది. ఆ తర్వాత మనుషుల పేర్లు పోయాయి. చివరికి పొద్దుగూకే వేళ కాళ్ళు నిలవని జబ్బు పట్టుకుంది. ఇంట్లో ఎవరి పనిలో వాళ్ళుంటే లేచి చేన్ల మీద పడి పోయేవాడు. దేనికోసం పోతాడో ఎవరికీ తెలియదు. డాక్టరు ఇది వయసుతో వచ్చేది, తగ్గేది కాదు, కనిపెట్టుకొని ఉండండి అన్నాడు. చంద్రమోహన్, లక్ష్మీదేవి అలాగే కనిపెట్టుకొని ఉన్నారు. కాని ఇద్దరు మనుషులు, ఒక గేదె, అరకొర సేద్యం, వచ్చే పోయే వాళ్ళు. ఎంత కాపలా కాసినా ఆయనకు ఒక్క నిమిషం చాలు.

ఆ జీపు కూడా బయ్యన్న కొన్నదే. శనక్కాయ బాగా పండిన ఏడు, మిలిటరీ వాళ్ళు పాత బండ్లు వేలం వేస్తే తెచ్చాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక తెరిచిన తొట్టి, పైన గుడ్డ కప్పు. నాలుగు చక్రాలకూ ఇంజను పట్టు ఉంటుంది కాబట్టి ట్రాక్టర్లు కూరుకుపోయే వంక ఇసుకలో కూడా అది మూలుగుతూ గట్టెక్కేది. ఇప్పుడు చంద్రమోహన్ దాని మీదే ఊరివాళ్ళ గడ్డి, టమోటా బాక్సులు తోలి ఇల్లు గడుపుతున్నాడు.

అనంతపురం పాతూరులో మల్లికార్జునయ్యది బండ్ల సామాన్ల అంగడి. చంద్రమోహన్ అడిగింది విని ఆయన నవ్వాడు.

"ఫోకస్ లైట్లా? నీ మిలిటరీ జీపుకా రెడ్డీ? బెంగుళూరు పిలగాళ్ళు పెట్టించుకుంటాండారు ఇట్లాటివి, కొండలెక్కి ఆడుకునేకి. నీకేం వచ్చెనప్పా?"

"మా నాయనను వెతుక్కునేకి."

మల్లికార్జునయ్య నవ్వు ఆపేశాడు. బల్ల మీద పెట్టిన పెద్ద గాజు లైట్లను పక్కకు జరిపి, లోపలికి పోయి వేరే డబ్బాలు తెచ్చాడు.

"ఇవి తీస్కపో. కరెంటు తక్కువ తింటాయి. అవి పెడితే నీ బండి డైనమో తట్టుకోదు." డబ్బాలు గుడ్డ సంచిలో సర్దుతూ మెల్లగా అడిగాడు. "బయ్యన్నేనా? మా అంగట్లో కూచొని వాన ఎప్పుడు పడేదీ చెప్తాండె. ఇట్లయిపోయినాడా?"

చంద్రమోహన్ తల ఊపాడు. సంచి అందుకొని బస్టాండు దారి పట్టాడు.

తొందర కొద్దీ మొదట తానే వైర్లు కలిపాడు. హెడ్‌లైటు వైరుకే నాలుగు లైట్లూ తగిలించి స్విచ్చి వేశాడు. లైట్లు వెలిగినట్టే వెలిగి, డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. కాలిన రబ్బరు వాసన ఇల్లంతా నిండింది. అప్పుడు గార్లదిన్నె నుంచి ఓబిలేష్‌ను పిలిపించాడు. బస్టాండు పక్కన బండ్ల కరెంటు పని చేసే మనిషి. సామాన్ల డబ్బా మోటారుసైకిల్‌కు కట్టుకొని వచ్చాడు.

"నేను వచ్చేలోపే కాల్చి పెట్టినావా అన్నా?" అన్నాడు, నల్లబడిన వైరును చేత్తో పట్టుకొని. "ఇంత సన్న వైరు అన్ని లైట్లను మోస్తాదా? ముందు ఇది చెప్పు, గుడ్డ కప్పు మీద లైట్లు యాడ నిలబెడతావు?"

ఆ సంగతి చంద్రమోహన్ ఆలోచించనే లేదు. ఇంటి వెనక చీనీ తోటకు నీళ్ళు పారించిన ఇనుప పైపులు తుప్పు పట్టి పడి ఉన్నాయి. అవి లాక్కొచ్చారు. గార్లదిన్నె వెల్డింగ్ అంగడికి తీసుకుపోయి, కప్పు మీదుగా చట్రంలా వంచి, నాలుగు మూలలా జీపు బాడీకే అతికించారు. లైట్ల కింద రబ్బరు ముక్కలు వేసి బోల్టులు బిగించాడు ఓబిలేష్. ముందు వైపు రెండు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. బ్యాటరీ నుంచి లావు వైరు వేరుగా లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, వైరు రాపిడికి తెగకుండా పాత రబ్బరు గొట్టంలో దూర్చి అద్దం పక్కగా పైకి తీసుకుపోయాడు.

వాళ్ళు పని చేస్తున్నంతసేపూ బయ్యన్న అరుగు మీద కూర్చొని చూశాడు. బిగించాల్సిన లైటు ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకొని తువాలుతో తుడిచాడు.

"ఇది ఎన్ని హార్సుపవరు?" అని అడిగాడు.

"మోటరు కాదు పెద్దాయనా. లైటు," అన్నాడు ఓబిలేష్.

"కంపెనీ మంచిదేనా?"

"మంచిదే."

"మోటరు కాలిపోతే కాయిలు చుట్టిచ్చేకి వారం చేస్తారు ఈ నా కొడుకులు. అంతలోకి చెట్లు వాడిపోతాయి." లైటును ఇవ్వనన్నట్టు చేతులు దగ్గరికి తీసుకున్నాడు. లక్ష్మీదేవి వచ్చి సంగటి ముద్ద నోట్లో పెడుతూ మాటల్లో పెట్టి దాన్ని తీసుకుంది.

పని అయ్యాక ఓబిలేష్ చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "ఇంజను ఆడతాంటేనే లైట్లెయ్యన్నా. ఆపి మాత్రం ఎయ్యొద్దు. బ్యాటరీ బిన్నా దిగిపోతాది, మల్ల బండి స్టార్టు గాదు."

దీపాలు పెట్టే వేళకు ముసలాయన దగ్గర గంగప్పను కూర్చోబెట్టి జీపును ఊరి బయట చేనికి తీసుకుపోయి స్విచ్చి వేశారు. ఒక్కసారిగా నేలంతా తెల్లబడింది. కుందేలొకటి అటు ఇటు తెలియక గిర్రున తిరిగి పరుగెత్తింది. ఏనాడో కొట్టేసిన చీనీ చెట్ల మోళ్ళు వరుసలు వరుసలుగా లేచి నిలబడ్డట్టు కనబడ్డాయి. ఒక్కో మోడుకు ఒక్కో నల్లటి నీడ. వెనక తొట్టిలో నిలబడ్డ లక్ష్మీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పగలంతా చూసి చూసి ఇసిగిపోయినాం," అంది. "ఇంగ చీకట్లో గూడా ఈ నేలనే చూడల్నా?"

కొద్ది రోజులకే ఆ లైట్ల అవసరం వచ్చింది. లక్ష్మీదేవి గేదె దగ్గర ఉంది. చంద్రమోహన్ టమోటా దించి అప్పుడే వచ్చాడు. చూస్తే మంచం ఖాళీ. ఈసారి అతను వంకలోకి పోలేదు. జీపును మిట్ట మీదికి ఎక్కించి, ఇంజను ఆడుతుండగానే లైట్లన్నీ వేసి, దిగి నాలుగు దిక్కులా చూశాడు. కేక వేయబోయేంతలో కందిచేను అవతల గుడ్డ తలపాగా కదిలింది. బయ్యన్న తనంతట తానే వస్తున్నాడు. పంచె ఎగగట్టుకొని, ఎన్నేళ్ళుగానో లేని ఊపుతో, గడ్డలు తొక్కుకుంటూ నేరుగా వెలుతురు లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమప్పా డ్రైవరూ, తేమ తగిలిందా?"

చంద్రమోహన్‌కు మొదట అర్థం కాలేదు. "నాయనా, నేను. చంద్రాను."

"ఎంత లోతు పోయినావు? దుమ్మే వస్తాందా, బురద వస్తాందా?"

ఇంజను చప్పుడు, ఎత్తు మీద లైట్లు. అప్పుడు అర్థమైంది. "ఇది బోరు బండి కాదు నాయనా. మన జీపు. ఇంటికి పోదాం రా."

బయ్యన్న చేయి అడ్డం పెట్టుకొని లైట్ల వంక చూశాడు. వంగి జీపు కిందికి చూశాడు. అక్కడ నేలలోకి దిగిన పైపేమీ లేదు. ఆయన ముఖంలో వెలుగు మెల్లగా పోయింది.

"అయితే ఈసారీ పడలేదా?" అన్నాడు.

అని అక్కడే కూలబడి ఏడ్చాడు. నోరు తెరుచుకొని, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చెట్లు కొట్టిన నాడు గాని, భార్య పోయిన నాడు గాని తండ్రి ఏడవడం చంద్రమోహన్ చూడలేదు. ఎత్తి జీపులో కూర్చోబెట్టేసరికి తాతలు దిగివచ్చారు. ఇంటికి వచ్చాక ఆయన సంగటి ముట్టలేదు. గోడకు తిరిగి పడుకున్నాడు.

రెండోసారి బయ్యన్న వెలుతురులోకి వచ్చి అదే మాట అడిగినప్పుడు చంద్రమోహన్ పోయి తండ్రి ఎదురుగా నిలబడ్డాడు. తర్వాత అన్నాడు. "పడినాయి నాయనా."

"ఆ?"

"నీళ్ళు పడినాయి."

"ఎన్నించులు?"

"రెండించులు. కాదు, మూడించులుంటాయి."

బయ్యన్న రెండు చేతులూ దోసిలి పట్టి జీపు ముందు నిలబడ్డాడు. ఆ దోసిలితో ముఖం తుడుచుకున్నాడు. "మూడించులు," అన్నాడు మళ్ళీ. ఎక్కమనగానే బండి ఎక్కాడు. ఆ పూట రెండు ముద్దలు తిని హాయిగా నిద్రపోయాడు.

లక్ష్మీదేవి అడిగితే చంద్రమోహన్ జరిగింది చెప్పాడు. ఆమె ఫక్కున నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "మూడించులంటే తక్కువ కాదు," అని లోపలికి పోయింది.

అప్పటి నుంచి అదే ఆట అయింది. మనిషి తప్పిపోతే మిట్ట ఎక్కి లైట్లు వేయడం, ఆయన రావడం, నీళ్ళు పడ్డాయని చెప్పడం. వెతకాల్సిన పని తప్పింది. కాని చంద్రమోహన్‌కు ఇంకొకటి అలవాటైంది. ఆ వెలుతురులో తండ్రి మాట్లాడేవాడు. రోజంతా మూసుకుపోయి ఉండే మనిషి అక్కడ బండికి ఆనుకొని, చెట్లకూ చెట్లకూ మధ్య ఎంత ఎడం ఉండాలో, ఏ అంటు ఎక్కడ తేవాలో వివరంగా చెప్పేవాడు. ఈసారి చీనీ వద్దు, దానిమ్మ పెడదామా అని సలహా అడిగేవాడు. ఎదురుగా ఉన్నది బోరు డ్రైవరు అనుకొనే అడిగేవాడు. చంద్రమోహన్ డ్రైవరుగానే జవాబు చెప్పేవాడు. ఒక్కోసారి అతనికి కూడా, కాసేపే అయినా, కాళ్ళ కింద నిజంగా నీళ్ళు ఉన్నట్టే అనిపించేది.

ఒకనాడు బయ్యన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "డ్రైవరూ, మావాడు ఒకడుండాడు. చదువుకుంటాంటే నేనే పిలిపిచ్చినా. నా మాట నమ్మి సేద్యానికి వచ్చినాడు. నీళ్ళు పడినాయని వానికి చెప్పల్ల. యాడికి పోయినాడో, కనబడ్డంల్యా."

చంద్రమోహన్ తండ్రి భుజం మీది దుమ్ము దులిపాడు. "నేను చెప్తాలే."

"మర్సిపోవద్దు. వాడు శానా దినాల నుంచి కాసుకోనుండాడు."

ఆ పూట జీపును ఇంటికి తోలుతుంటే చంద్రమోహన్‌కు దారి సరిగా కనబడలేదు.

అయితే ఈ ఆట బయ్యన్న లోపల వేరుగా పెరిగింది. ముందు ఆయన దిక్కు లేకుండా తిరిగేవాడు. ఇప్పుడు చీకటి పడితే వెలుతురు ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతున్నాడు. ఎవరో ట్రాక్టరు లైట్లు వేసుకొని చేను దున్నుతుంటే దాని ముందుకు పోయి నిలబడ్డాడు. ఆ రైతు బ్రేకు తొక్కి, ఆయన్ను ఇంటికి తెచ్చి దిగబెట్టాడు. ఇంకోసారి కొండల మీద గాలిమరల ఎర్ర దీపాలు చూసి అటు నడక పెట్టాడు. తలుపుకు గొళ్ళెం వేస్తే చేతులు వాచేదాకా బాదాడు. "బోరు కాడ ఎవురూ లేరు, నన్ను ఇడ్సండప్పా," అని ఆయన అరుస్తుంటే ఇరుగుపొరుగు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. లక్ష్మీదేవే తట్టుకోలేక గొళ్ళెం తీసింది.

"నీవే నేర్పినావు," అంది మొగుడితో. "లైటు ఉన్న చోట నీళ్ళుంటాయని ఆయప్పకి నీవే నేర్పినావు."

"ముందు దొరక్కనే పోతాండె. ఇప్పుడు దొరుకుతాండాడు గదా."

"నీ లైటుకే వస్తాడని రాసిచ్చినాడా? లోకంలో నీదొక్కటేనా లైటు?"

చంద్రమోహన్‌కు ఇంకో దారి లేదు. లైట్లు తీసేస్తే మళ్ళీ వంకలూ తుమ్మకంపలూ. ఉంచితే ఇది. రెండిట్లో ఏది తక్కువ చెడో తేల్చుకోలేక, ఆ రోజుకు ఆ రోజు గడిపాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం బయ్యన్న బండి ఎక్కనన్నాడు. "ఇంజను ఆపు. నీళ్ళ సప్పుడు యినల్ల," అన్నాడు. చంద్రమోహన్ ఇంజను ఆపాడు. లైట్లు ఆర్పబోతే ముసలాయన చేయి పట్టుకున్నాడు. ఓబిలేష్ చెప్పిన మాట గుర్తు లేక కాదు. తండ్రి తన చేయి పట్టుకొని ఎన్నేళ్ళయిందో, ఆ చేయిని విడిపించుకోలేకపోయాడు. ఇద్దరూ నేల మీద కూర్చొని చాలాసేపు ఏమీ లేని చోట నీళ్ళ చప్పుడు విన్నారు. లైట్లు పసుపురంగుకు తిరిగి సన్నగిల్లాక గాని లేవలేదు. బండిని వాలు మీద దొర్లించి ఎలాగో స్టార్టు చేసుకొని ఇల్లు చేరారు.

మరునాడు పొద్దుగూకేసరికి బయ్యన్న లేడు. చంద్రమోహన్ తాళం తిప్పాడు. జీపు టక్కుమని ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఆ టక్కు కూడా రాలేదు. లక్ష్మీదేవి, గంగప్ప వెనక నుంచి తోశారు. ఇంటి ముందు నేల చదునుగా ఉంది. బండి కొంచెం కదిలి ఆగిపోయింది.

టార్చి పట్టుకొని మిట్ట దాకా పరుగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. మిట్ట మీద నుంచి పడమటికి చూస్తే హైవే కనబడింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా లైట్లు పారుతున్నాయి. గంగప్ప మోటారుసైకిల్ తీసుకొని వచ్చాడు. మట్టిదారిలో ఎగిరెగిరి పడుతూ పోయారు.

రోడ్డు మీద మనుషులు గుంపుగా ఉన్నారు. లారీ ఒకటి పక్కకు ఆపి ఉంది. కొంచెం దూరంలో మోటారుసైకిల్ పడిపోయి ఉంది. దాన్ని నడిపిన పిల్లవాడు మోకాళ్ళ నెత్తురు చూసుకోకుండా "నాకు కనబళ్ళేదన్నా, నిజంగా కనబళ్ళేదు" అని అందరికీ చెబుతున్నాడు. బయ్యన్న తారు అంచున మట్టిలో పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది.

లారీ డ్రైవరు హిందూపురం వైపు మనిషి. పెద్దవాడు. చంద్రమోహన్‌ను చూసి తానే దగ్గరికి వచ్చాడు.

"టైరు చూసుకునేకి ఆపింటినప్పా. లైటు కాడికి వచ్చి నిలబడినాడు. నీళ్ళు, నీళ్ళు అన్యాడు. దాహమేమో అనుకుంటి. బాటిలిస్తి. తీసుకోలేదు. దాని పక్క చూసి, ఇది కాదన్నట్టు తల ఊపి, ఎదురుగా వచ్చే లైటు కాడికి పోయినాడు. పట్టుకుందామని చెయ్యి జాపితి. అందలేదు."

ఆ బాటిల్ ఇంకా అతని చేతిలోనే ఉంది.

అనంతపురం ఆసుపత్రిలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్‌కు గుండె తట్టుకోదని, ఇంటికి తీసుకుపోయి చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. దాచకుండా, నెమ్మదిగా చెప్పింది. హేమ వచ్చి కొన్నాళ్ళుండి పోయింది. ఆ తర్వాత మళ్ళీ ఇద్దరే. బయ్యన్నను నడిమింట్లో మంచం మీద పడుకోబెట్టారు. పుండ్లు పడకుండా ఆయన్ను అటు ఇటు తిప్పడం, గుడ్డలు మార్చడం, జావ తాగించడం. తప్పిపోతాడనే భయం మాత్రం లేదు. చీకటి పడితే ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ తలుపు వంక చూడరు.

ఆయన నీళ్ళ మాట ఎత్తడం మానేశాడు. ఏ మాటా ఎత్తలేదు. ఒక సాయంత్రం చంద్రమోహన్ ఉండబట్టలేక, కొత్తగా చార్జి పెట్టించిన బ్యాటరీ వేసి జీపును వాకిట్లోకి తెచ్చాడు. కిటికీకి ఎదురుగా ఆపి లైట్లు వేశాడు. గది నిండా వెలుతురు పడింది. ఇంజను ఆడుతుండగా లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"నాయనా, నీళ్ళు పడినాయి. మూడించులు."

బయ్యన్న చేతిని బరువుగా పైకి లేపి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. "ఆర్పండప్పా," అన్నాడు. "కండ్లు మండతాండాయి."

చంద్రమోహన్ బయటికి పోయి ఆర్పేశాడు.

వేసవి చివర్లో ఓబిలేష్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. బెంగుళూరులో ఉద్యోగం చేసే ప్రణీత్ అనే కుర్రవాడు. పాత మిలిటరీ జీపుల కోసం తిరుగుతున్నాడట. బండి చుట్టూ తిరిగి, చట్రం పట్టుకొని ఊపి చూసి సంబరపడ్డాడు. "లైట్లు భలే పెట్టించారంకుల్. మేము నంది హిల్స్ వైపు ట్రిప్పులకు పోతాం. మీరు కూడా రాత్రి డ్రైవింగ్ చేసేవాళ్ళా?" అని అడిగాడు. ఓబిలేష్ నేల చూపులు చూశాడు. "ఊఁ, కొన్నాళ్ళు చేసినాను," అన్నాడు చంద్రమోహన్. మంచంలో మనిషికి మందులు కొనాలి, గడ్డి తోలే పని ఎండల్లో ఎలాగూ లేదు. బండి అదే రోజు పోయింది. మలుపు తిరిగేటప్పుడు ఆ కుర్రవాడు సరదాకు పట్టపగలే లైట్లు ఒకసారి వేసి ఆర్పాడు.

చంద్రమోహన్ ఊరికి దగ్గరలో కొత్తగా వచ్చిన సోలార్ ప్లాంటులో కూలికి కుదిరాడు. ట్యాంకర్లతో నీళ్ళు తెప్పించి, అద్దాల మీద పేరుకున్న ఎర్ర దుమ్మును పొడుగాటి బ్రష్షుతో కడగడం పని. కడిగిన నీళ్ళు నేల మీద పడగానే ఇంకిపోతాయి. మొదట్లో ఆ తడిని చూస్తూ నిలబడిపోయేవాడు. సూపర్‌వైజరు కసిరాక చూడటం మానుకున్నాడు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం లక్ష్మీదేవి ఫోను చేసింది. అతను బ్రష్షు పక్కన పెట్టి, ఎవరి మోటారుసైకిల్ మీదో ఎక్కి ఇంటికి వచ్చాడు. అప్పటికే ఆమె మామ దవడకు గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్ళు రెండూ కలిపి ముడి వేసింది.

"ఏమన్నా అన్యాడా?" అని అడిగాడు.

"ఏమీ అన్లేదు. జావ తాపేకి పోతే తాగలేదు."

చంద్రమోహన్ మంచం పట్టె మీద కూర్చున్నాడు. హేమకు ఫోను చేశాడు. గంగప్పను పిలిచి గుంత తవ్వడానికి మనుషులను చూడమన్నాడు. దినాలు అయ్యేదాకా వాన చుక్క పడలేదు. ఆ తర్వాతా పడలేదు. దినాలు కాగానే అతను మళ్ళీ పనికి పోయాడు. ఆ రోజు సూపర్‌వైజరు అతన్ని గుట్ట వైపు అద్దాల వరుసలకు మార్చాడు. చంద్రమోహన్ బ్రష్షు భుజాన వేసుకొని అటు పోయి, మొదటి అద్దం మీది ఎర్ర దుమ్ము కడగడం మొదలుపెట్టాడు.